ఆదివారం దాకా

ఆసుపత్రి వంటగదిలో గుమ్మడికాయ సూపును గరిటెతో ఎత్తి మళ్లీ గిన్నెలోకి వంచింది డైటీషియన్. మింగడం కష్టమైన వాళ్లకు అది నీళ్లలా జారిపోకూడదు, ముద్దగానూ పడకూడదు. ఆవిరికి మసకబారిన కళ్లజోడును కోటు అంచుతో తుడుచుకుంది.

వార్డులో ఆమె పేరు చప్పిడి మేడమ్. ఆ సంగతి ఆమెకూ తెలుసు. ఉద్యోగంలో చేరింది మొదలు మంచం పక్కన నిలబడే చెప్పేది: ఇది తినండి, అది మానండి. అందరూ బుద్ధిగా తలూపేవాళ్లు. ఆమె గుమ్మం దాటగానే దిండ్ల కిందినుంచి బిస్కెట్లు బయటికొచ్చేవి. జుట్టు నెరిశాక ఆ పద్ధతి మీద ఆమెకే విసుగు పుట్టింది. ఈమధ్య కుర్చీ లాక్కుని కూర్చుని, "మీరేమనుకుంటున్నారు?" అని అడుగుతోంది. చాలామంది బిత్తరపోయి, "మాకేం తెలుసు, మీరే చెప్పాలి" అంటారు.

కిటికీ పక్క మంచం మీది వంటమాస్టారు అలా అనలేదు. జీవితమంతా హోటలు పొయ్యి ముందు గడిపిన మనిషి. మోచేతుల దాకా పాత కాలిన మచ్చలు. పక్షవాతం వచ్చి మూతి ఒకవైపుకు జారింది. తిన్నది ఊపిరితిత్తుల్లోకి పోయి ఇప్పటికే ఒకసారి చావు తప్పి బయటపడ్డాడు.

"రెండు దారులున్నాయి మాస్టారూ. ముక్కులోంచి గొట్టం వేస్తే కాస్త బలం వస్తుంది. ప్రమాదం తగ్గుతుంది, పూర్తిగా పోదు. నోటితో తింటే రుచి తెలుస్తుంది. కానీ మళ్లీ పొరబోతే తట్టుకోలేకపోవచ్చు."

"నోరే," అన్నాడాయన ముద్దముద్దగా. "రుచి చూడకుండా ఏదీ బయటికి పంపలేదు. లోపలికెలా పంపేదమ్మా?"

మంచం చివర నిలబడ్డ కూతురు భగ్గుమంది. ఆమె బస్సు కండక్టరు. డ్యూటీ దిగి నేరుగా వచ్చింది. "అలా అడిగితే ఆయన అదే అంటారు మేడమ్! మొన్న ఊపిరాడక నీలంగా అయిపోతే పట్టుకుంది నేను. మీరు అడిగేసి వెళ్లిపోతారు."

డైటీషియన్ తన కుర్చీని ఆమె వైపు జరిపింది.

ఆయన కూతురి వైపు తల తిప్పాడు. "వాళ్లమ్మ పోయినప్పుడు పసిది. అప్పట్నుంచీ నేను దగ్గితే చాలు, లేచి కూర్చుంటుంది. సరే, గొట్టం వేయండి. ఎల్లుండి ఆదివారం మాత్రం ఒక్క చెంచా, నోటితో."

కూతురు ముక్కు ఎగబీల్చి, "నేనే పెడతా నాన్నా" అంది.

"మీకిది నిజంగా ఇష్టమేనా? మీ అమ్మాయి కోసమని ఒప్పుకోకండి," అంది డైటీషియన్.

"దాని కోసం కాకపోతే ఇంకెవరి కోసం?"

డాక్టరు కూడా సరేనన్నాడు. మధ్యాహ్నం గొట్టం దిగుతుంటే ఆయన కళ్లలోంచి నీళ్లు కారాయి. బాగున్న చెయ్యి డైటీషియన్ వేళ్లను నలిపేసింది. అంతా అయ్యాక ఆమె వంగి, ఆదివారం ఏం చేయించమంటారని అడిగింది.

"ఉల్లిపాయల సూపు. సన్నమంట. వండేవాణ్ని కంగారు పడొద్దను. ఉప్పు చివర్లో."

వంటగదిలో ఆ మాట చెబితే వంటవాడు పగలబడి నవ్వాడు. "చప్పిడి మేడమ్ నోట ఉప్పా! ఇవాళ వాన ఖాయం, గొడుగు తెచ్చుకోవాల్సింది." ఆమె కూడా నవ్వింది.

సాయంత్రం ఇంటికి వెళ్లే ముందు, ఒకసారి చూసి పోదామని వార్డులోకి వచ్చింది. కిటికీ పక్క మంచానికి తెర లాగి ఉంది. నిద్రలోనే గుండె ఆగిపోయిందని నర్సు చెప్పింది. "గొట్టం వల్ల కాదు మేడమ్," అంది అడగకుండానే.

కూతురు వరండాలో బల్ల మీద కూర్చుని ఉంది. "నోటితోనే తింటానన్నారు నాన్న. నేనే అడ్డం పడ్డాను," అంది.

ముగ్గురం కలిసే అనుకున్నాం కదా అనే మాట డైటీషియన్ నోటిదాకా వచ్చింది. అది అబద్ధం కాదు. అయినా అనలేకపోయింది. పక్కన కూర్చుంది. కాసేపటికి కూతురి తల ఆమె భుజం మీద వాలింది. డైటీషియన్ ఎంతకీ లేవలేదు.

వాళ్లిద్దరూ వెళ్లిపోయేసరికి ఆయా మంచం మీది దుప్పటి తీసేసింది. కిటికీ గట్టు మీద గాజుగ్లాసులో, గొట్టం వేసేముందు తీసిన ఆయన కట్టుడుపళ్లు నీళ్లలో మునిగి, శుభ్రంగా, తెల్లగా ఉన్నాయి.