క్రీడల నిమిత్తం మాత్రమే

ఒప్పందం రాసింది రైటరమ్మే. రిజిస్ట్రేషన్ ఆఫీసు ఎదురుగా బల్ల వేసుకుని పంతొమ్మిదేళ్ళుగా దస్తావేజులు రాస్తోంది. ఇది రెండు పేజీలు. సాయంత్రం ఐదు నుంచి ఏడు దాకా బడి మైదానం వీధివాళ్ళు వాడుకోవచ్చు. వానొస్తే వీధి సంఘం హాలు బడిపిల్లలకి. మైదానం ఊడ్చేదీ గోడ బాగుచేసేదీ వీధివాళ్ళే.

ఈ రెండు పేజీల కోసం ఆమె ఎనిమిది నెలలు హెడ్మాస్టరు గది చుట్టూ తిరిగింది. బస్సు డ్రైవరుగా చేసిన భర్తకి పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయాయి. రోజూ చదును నేల మీద నడిపించకపోతే ఆ కాలు ఇక లేవదని డాక్టరు చెప్పాడు. ఇల్లు రెండు గదులు. రోడ్డు పక్కన కాలు పెట్టే చోటు లేదు.

సంతకాలయ్యాక మొదటి సాయంత్రమే వాచ్‌మన్ మొగుడూ పెళ్ళాలిద్దర్నీ గేటు దగ్గర ఆపాడు.

"అన్న ఏం ఆడతాడక్కా?"

"ఆడడు. నడుస్తాడు."

"క్రీడల నిమిత్తం మాత్రమే అని ఉందట కాయితంలో. నడక క్రీడ కాదన్నారు సారు. రాసింది నువ్వేనటగా."

ఆమే. నివాసం నిమిత్తం మాత్రమే, సాగు నిమిత్తం మాత్రమే. ఆ మాట లేకుండా ఆమె చేతి కింద ఏ పత్రమూ పూర్తికాదు. చెయ్యి అలవాటుగా రాసుకుపోయింది.

మార్చడానికి లేదన్నాడు హెడ్మాస్టరు. పత్రం పై ఆఫీసుకి వెళ్ళిపోయింది. ఉపాయం వాచ్‌మనే చెప్పాడు. మర్నాటి నుంచి డ్రైవరు కుడిచేతిలో కర్రతో, భుజానికి వల సంచితో, అందులో ఫుట్‌బాల్‌తో వచ్చాడు.

"ఏ టీమన్నా?" అన్నాడు సంఘం ప్రెసిడెంటు. కరెంటు పనులు చేసుకునే మనిషి.

"గోల్‌కీపర్ని." డ్రైవరుకి నోరింకా సరిగా తిరగదు. "బంతి నా దగ్గరే ఉంది. ఎవడు గోలు కొడతాడో చూస్తా."

మొదటి వారం ఒక గోల్‌పోస్టు నుంచి రెండోదాని దాకా నడిచాడు. మూడో నెలకి మైదానం చుట్టూ నాలుగు రౌండ్లు. నాలుగో రౌండులో పది అడుగులు కర్ర ఆనించకుండా వేశాడు. రైటరమ్మ లెక్కపెట్టింది.

నాలుగో నెలలో పై ఆఫీసు నుంచి అధికారి తనిఖీకి వచ్చాడు.

"ఈయనెవరు?"

"ఆటగాడు సార్," అన్నాడు వాచ్‌మన్.

అధికారి నవ్వాడు. సంచిలోంచి బంతి తీసి నేల మీద పెట్టాడు. "అయితే ఒక్కసారి తన్నండి చూద్దాం."

రైటరమ్మ వద్దనేలోపే డ్రైవరు కర్ర వదిలేసి కుడికాలు ఎత్తాడు. ఎడమకాలు నిలవలేదు. ముందుకి పడుతూ కుడిచెయ్యి నేలకి ఆనించాడు. మణికట్టు విరిగింది. పనిచేసేది ఆ చెయ్యే.

మూడోరోజు మైదానం వీధివాళ్ళకి మూసేశారు. వీధిలో ఎవరూ ఆమెని ఏమీ అనలేదు. పిల్లలు మళ్ళీ రోడ్డు మీద ఆడుకున్నారు. నెల తిరక్కుండా వ్యాను తగిలి ఒక పిల్లకి కాలు విరిగింది.

వారం తర్వాత ప్రెసిడెంటు వచ్చాడు. గుమ్మం దాటలేదు.

"ఆఫీసువాళ్ళు దిగొచ్చారు వదినా. మళ్ళీ రాసిమ్మన్నారు. నడక కూడా చేర్చమన్నారు."

"మంచిదేగా."

"ఒక లైను ఎక్కువ అడిగారు." గొంతు తగ్గించాడు. "ఆసరా లేకుండా నడవలేనివాళ్ళు లోపలికి రాకూడదట. లేదంటే సంతకం పెట్టరట. ఇంకెవరిచేతైనా రాయించమంటే రాయిస్తా."

"పిల్ల ఎలా ఉంది?"

"ఇంకా ఆస్పత్రిలోనే."

"ఇంకెవరో ఎందుకు. కాయితాలిచ్చి వెళ్ళు."

ఇంట్లోనే బల్ల ముందు కూచుని రాయడం మొదలుపెట్టింది. పక్క గదిలో మంచం మీద డ్రైవరు. చేతికి కట్టు, కర్ర పట్టుకునే వీల్లేదు. పడ్డ రోజు నుంచి అడుగు వెయ్యలేదు.

"ఏంటి రాస్తున్నావ్?"

"మైదానం ఒప్పందం."

"తెరుస్తారా?"

"తెరుస్తారు."

"ఈసారన్నా నడక అని రాయవే తల్లీ. నీ అలవాటు తగలెయ్య."

"రాశాను."

"ఏదీ, చదువు."

చదివింది. ఒకటో షరతు, రెండోది, ఏడు దాకా. నడక అన్న చోట అతను "ఆఁ" అన్నాడు.

"అయిపోయిందా?"

"అయిపోయింది."

ఆసరా గురించిన ఎనిమిదో షరతు ఒకటిన్నర వరసలో పట్టింది. కొట్టివేతలు, దిద్దుబాట్లు లేవని కింద రాసింది.

"ఎప్పట్నించట?" అన్నాడు గదిలోంచి.

"సోమవారం."

మంచం కిర్రుమంది. అతను దుప్పటి తోసేసి కాళ్ళు కదిపి చూసుకుంటున్నాడు. కుడికాలు లేచింది. ఎడమది లేవలేదు.

"నాలుగు రోజులుందిగా," అన్నాడు. "ఈలోపు వస్తుందిలే."