రెండు టిక్కులు

మధ్యాహ్నం మూడింటికల్లా ఆ ఫారం మీద సంతకం పడాలి. ఏ కార్డు కొనాలో తేల్చే ఫారం అది. నది ఎప్పుడు ఎంత పొంగుతుందో ముందుగా లెక్కకట్టి ఊరిని హెచ్చరించే ఆఫీసులో ఆమె ఇంజనీరు. ఆరు వారాలుగా తిన్నా పడుకున్నా ఆమెకు ఆ కార్డు గొడవే.

గొడవ పెద్దదేమీ కాదు. లెక్కలు చేసే గ్రాఫిక్స్ కార్డు, అంకెల్ని లోపలికీ బయటికీ చేరవేసే నెట్‌వర్క్ కార్డు ఇన్నాళ్లూ వేరువేరుగా ఉండేవి. కొత్తరకంలో రెండూ ఒకే పలక మీద వస్తున్నాయి. నది పొడవునా పెట్టిన కొలత పరికరాల నుంచి అంకెలు దారిలో ఎక్కడా ఆగకుండా నేరుగా లెక్కలోకి దిగిపోతాయి. దాంతో హెచ్చరిక పదకొండు నిమిషాలు ముందుగా వస్తుంది.

పదకొండు నిమిషాలంటే నవ్వులాట కాదు. నది మెట్ల పక్క వీధిలో ఆమె అక్క బట్టలు కుట్టే కొట్టు నడుపుతోంది. ఆ కాస్త వ్యవధి దొరికితే అక్క కుట్టుమిషను వదిలేసి, పక్కింట్లో మంచాన పడ్డ ముసలావిడను కూడా మేడెక్కించగలదు. ఈమె కొత్త కార్డు వైపు మొగ్గడానికి అసలు కారణం ఇదే. ఫారంలో మాత్రం రాయలేదు. అక్క కోసం అని రాస్తే ఎవరు ఒప్పుకుంటారు?

డైరెక్టరు గారికి అన్నీ నిన్ననే అయిపోవాలి. పొద్దున రాగానే, పరీక్షకని తెచ్చిన కొత్త కార్డు మిషను భేషుగ్గా నడుస్తోంది కదా అని పాతదాన్ని ఆపించేశాడు. ఆమె వద్దనబోయింది. "నువ్వు పెట్టిన పరీక్షలే కదమ్మా, నీ మీద నీకే నమ్మకం లేదా?" అన్నాడాయన. ఆమె తన బల్ల దగ్గరికి వెళ్లిపోయింది.

పదకొండు దాటాక ఫారం ముందేసుకు కూర్చుంది. బయట వాన దంచికొడుతోంది. ఎదురుగా గోడ మీద పెద్ద స్క్రీన్. నీటిమట్టం నాలుగు మీటర్ల ఇరవై, పక్కన పచ్చ దీపం. ఆమె పేజీలు తిప్పుతూ పరీక్షల జాబితా దగ్గరికి వచ్చింది. "గ్రాఫిక్స్ కార్డు ఆగిపోతే" అన్న వరసలో టిక్కు. శుక్రవారం పెట్టింది. "నెట్‌వర్క్ కార్డు ఆగిపోతే" అన్న వరసలో ఇంకో టిక్కు. శనివారం పెట్టింది. రెండు రోజులూ ఒకదాన్ని ఆపితే రెండోది వెంటనే గోల చేసింది, స్క్రీన్ ఎర్రబడింది. అందరూ చప్పట్లు కొట్టారు.

పెన్ను ఆగిపోయింది.

ఆ జాబితా పదేళ్ల కిందటిది. కార్డులు రెండుగా ఉన్న రోజుల్లో ఎవరో పుణ్యాత్ముడు రాసిపెట్టాడు. అప్పట్నుంచి ఏ మిషను వచ్చినా కళ్లు మూసుకుని ఆ వరసల్లోనే టిక్కులు పెడుతున్నారు. ఆమె కూడా అదే చేసింది. ఇప్పుడున్నది ఒకే పలక. పరీక్షలో దాని రెండు సగాల్నీ విడివిడిగా ఆపి చూసింది, అంతే. అది ఆగితే రెండూ ఒక్కసారే ఆగుతాయి. అప్పుడు గోల చేసేదెవరు? ఒకటి పడిపోతే కేకవేయాల్సిన రెండోది కూడా దానితోపాటే పడిపోయి ఉంటుంది.

ఆమె మెల్లగా తలెత్తి స్క్రీన్ చూసింది. నాలుగు ఇరవై. పది గంటలకు టీ తాగుతున్నప్పుడు కూడా నాలుగు ఇరవయ్యే. గంటకు పైగా ఇంత వాన పడుతుంటే ఏ నదీ అంత బుద్ధిగా కూర్చోదు.

"ఈ అంకె ఎప్పట్నుంచి మారలేదు?" అని అడిగింది.

పక్క బల్ల దగ్గర టెక్నీషియన్ ఉన్నాడు. ఏం చెప్పినా ముందు "నిదానం, నిదానం" అంటాడని అందరూ ఆయన్ని నిదానం గారనే పిలుస్తారు. "నిదానం మేడమ్. పచ్చగానే ఉందిగా. తేడా వస్తే అదే అరుస్తుంది," అన్నాడు.

"అరవాల్సిందే చచ్చిపోతే?"

ఆయన లేచి మిషన్ల గదిలోకి పరిగెత్తాడు. నిదానం గారు పరిగెత్తడం ఆ ఆఫీసులో ఎవరూ చూడలేదు. ఈమె ఆలోగా ఫోన్ తీసి, నీళ్లకు అందరికంటే దగ్గరగా ఉన్న మనిషికి కలిపింది. నాలుగు ఇరవై అంటే నది మెట్లు తొమ్మిది పైకి కనబడాలి.

"అక్కా, మెట్లు ఎన్ని కనిపిస్తున్నాయే?"

"ఇదేం ప్రశ్నే చిట్టీ, పనీపాటా లేదా నీకు? కొట్లోంచి కనబడవు. ఉండు, వెళ్లి చూసి చెబుతా."

వద్దు అనాల్సింది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ తెలుసుకోవాలన్న ఆత్రం దాన్ని మింగేసింది. ఫోన్లో చెప్పుల చప్పుడు, వాన చప్పుడు, అక్క ఆయాసం వినబడ్డాయి.

"అమ్మో! మూడే ఉన్నాయే! కాదు... చిట్టీ, నీళ్లు..."

ఫోన్ తెగిపోయింది. మళ్లీ చేసింది. మోగలేదు. మళ్లీ చేసింది. అక్కను నీళ్ల దగ్గరికి పంపింది తనే. ఇంకెవరూ కాదు.

నిదానం గారు వగరుస్తూ తిరిగొచ్చాడు. "కార్డు వేడెక్కి ఆగిపోయింది మేడమ్, ముట్టుకుంటే కాలుతోంది. నెట్‌వర్క్ తీగ పక్కన దీపం ఆరిపోయింది. ఎప్పుడు ఆగిందో ఏమో! స్క్రీన్ మీదున్నది అప్పటి అంకే."

సైరన్ మీట గోడకు అద్దం పెట్టెలో ఉంది. మిషను చెబితే దానంతటదే మోగుతుంది. లేదా డైరెక్టరు గారు చెబితే మోగించాలి. ఆయన గొడవ విని గదిలోంచి బయటికొచ్చాడు. "స్క్రీన్ పచ్చగా ఉంటే సైరన్ ఎలా వేస్తామమ్మా? ఉత్తుత్తి హెచ్చరికైతే జనం మన మొహాన ఉమ్మేస్తారు. ముందు కొలత పరికరం దగ్గరికి మనిషిని..."

ఆమె వినలేదు. స్టేప్లర్‌తో అద్దం పగలగొట్టి మీట కిందికి లాగింది. కొండ కింద ఊరంతా సైరన్ ఏడుపు లేచింది.

తర్వాతి యాభై నిమిషాలు ఆమె ఎలా బతికిందో ఆమెకే తెలియదు. నిదానం గారు పాత మిషను వేశాడు. స్క్రీన్ మీద అంకె ఒక్క గెంతులో ఆరు దాటింది, దీపం ఎర్రగా మారింది. ఆమె ఫోన్ చేస్తూనే ఉంది. అక్క జారిపడి ఉంటుందనీ, నీళ్లు లాక్కుపోయి ఉంటాయనీ మనసు చూపించిన బొమ్మలన్నీ చూసింది. పదకొండు నిమిషాల కోసం ఆశపడి గంటసేపు ఊరిని గుడ్డిదాన్ని చేశానని తనను తాను తిట్టుకుంది.

మిట్ట మీద ఉన్న ఆఫీసు కాబట్టి జనం అక్కడికే ఎక్కి వస్తున్నారు. చివరికి వరండా ముందు ఒక లారీ ఆగింది. అందులోంచి ముసలావిడను దింపారు. వెనకే అక్క దిగింది. నిలువునా తడిసి ఉంది, ఒక కాలికే చెప్పుంది. ఈమె పరిగెత్తి వాటేసుకుని భోరుమంది.

"ఫోన్ నీళ్లపాలైందే," అంది అక్క వణుకుతూ. "నేను తిరిగి వీధిలోకొచ్చేసరికి మీ సైరన్ మోగింది. ముసల్దాన్ని భుజాన వేసుకున్నా. అబ్బ, ఏం బరువే!"

లోపలికి తీసుకెళ్లి కుర్చీలో కూర్చోబెట్టి టవల్ కప్పింది. డైరెక్టరు గారు తలుపు దగ్గరగా వేసి, ఫారం ఆమె ముందుకు జరిపాడు. ఆయన గొంతు మెత్తగా ఉంది.

"చూడమ్మా, పాత మిషను నడుస్తోంది. ఎవరికీ ఏమీ కాలేదు. కార్డుకి చిన్న ఫ్యాను పెట్టిస్తే సరిపోతుంది. ఆ గంట సంగతి నీకూ నాకూ నిదానానికీ తప్ప ఎవరికి తెలుసు? నీ పరీక్షలు తప్పని బయటపడితే ముందు పోయేది నీ ఉద్యోగమే. సంతకం పెట్టెయ్."

ఆ మాట నిజమే. పెన్ను సంతకం గడి దాకా వెళ్లింది.

"నాకు తెలుసు సార్," అంది అక్క, టవల్లోంచి తల ఎత్తకుండానే. "ఆ మూడు మెట్లూ లెక్కపెట్టింది నేనే."

చెల్లెలు పరీక్షల జాబితా పేజీకి వెనక్కి తిప్పి, రెండు టిక్కులకీ కలిపి అడ్డంగా ఒక గీత గీసింది. 'రెండూ ఒకేసారి ఆగితే ఏమవుతుందో నేను పరీక్షించలేదు. ఈ కార్డు వద్దు,' అని రాసి, దాని కింద సంతకం పెట్టింది.