గోడ మీది తీగ

"గోళ్ల సందుల్లో కూడా రుద్దు. ఊరికే నీళ్లు చూపించి తీసేస్తే పోదు."

కాలువ గట్టు శుభ్రం చేసే పనివాడు మళ్లీ సబ్బు అందుకున్నాడు. నిన్న ఏదో పాలమొక్క పీకాడట. మోచేతుల దాకా ఎర్రటి చారలు తేలి, వాటి వెంట నీటి పొక్కులు లేచాయి. ఆ జిగురు ఏ మూల మిగిలినా మళ్లీ అంటుకుంటుంది. అందుకే ముందు సబ్బు, తర్వాతే మందు అంటుంది నర్సు. ఆమెను అందరూ చాటున 'సబ్బు నర్సమ్మ' అంటారు. ఎదుట అన్నా ఆమె పట్టించుకునే మనిషి కాదు.

ఇవాళ మాత్రం ఆమె మనసు కుదురుగా లేదు. దూది డబ్బా చంకలో పెట్టుకుని దూది కోసం గది అంతా వెతికింది. వీధిలో బండి ఆగిన చప్పుడైతే చాలు, కిటికీ దగ్గరికి వెళ్లి వచ్చింది. సాయంత్రం అక్క ఇల్లు వదిలి వెళ్లిపోతోంది.

తల్లి పోయాక ఈమెకు జడలు వేసి, చదివించి, ఉద్యోగంలో చేరిన రోజు గేటు దాకా వచ్చి దిగబెట్టింది ఆ అక్కే. పెళ్లి ఊసు లేకుండానే ఇద్దరికీ తలలు నెరిశాయి. అలాంటిది, నిరుడు ఆగిపోయిన గోడగడియారం బాగుచేయించడానికి వెళ్లి అక్క ఆ గడియారాల ఆయనతో మాట కలిపింది. గడియారం బాగయ్యాక కూడా వెళ్తూనే ఉంది. మొన్న ఇద్దరూ సంతకాలు పెట్టి పెళ్లి చేసుకున్నారు. చెల్లెలు వెళ్లలేదు.

"ఈ వయసులో నలుగురూ నవ్వరా?" అంది నిన్న, అక్క బట్టలు సర్దుకుంటుంటే.

"నవ్వితే నవ్వనీ, పళ్లు కనబడతాయి," అంది అక్క. ఇంకో చీర మడత పెడుతూ, "నీ దిగులు నలుగురి గురించి కాదులేవే," అంది.

ఆ మాట పొద్దుటి నుంచీ పంటికింద రాయిలా ఉంది.

మధ్యాహ్నం దాటాక ఒకాయన, చేతులు ఒంటికి తగలకుండా ముందుకు చాపుకుని గుమ్మంలో నిలబడ్డాడు. వేళ్లు ఉబ్బి చర్మం బిగిసి మెరుస్తోంది. ఒక చెంప నిండా దద్దుర్లు. ఆమె ముందు చేతులు చూసింది, తర్వాత మొహం. గడియారాల ఆయన.

"మీరు ఇవాళ సెలవేమో అనుకున్నానమ్మా," అని ఆయన నసిగాడు. "ఇంకెవరైనా ఉంటే..."

"ఎవరూ లేరు. కూర్చోండి."

ఎవరి చేతులు వాళ్ల చేతే కడిగించడం ఆమె అలవాటు. ఈ వేళ్లు వంగేలా లేవు. కొళాయి తిప్పి తనే పట్టుకుని కడిగింది.

"ఏం ముట్టుకున్నారు?"

"పెరటి గోడ నిండా ఏదో తీగ అల్లుకుపోయిందమ్మా. ఏళ్లుగా ఉన్నదే కదా అని వదిలేశాను. మీ అక్కకి ఆరుబయట కూర్చోవడం ఇష్టమటగా. తను వచ్చేలోపు శుభ్రం చేద్దామని నిన్న పీకాను."

"ఒట్టి చేతులతోనా?"

"తొడుగులేసుకుంటే వేళ్లకి పట్టు తెలియదు."

"పీకిందేం చేశారు?"

"కుప్పేశాను. సాయంత్రం అంటిద్దామని."

ఆమె చేతులు ఆగాయి.

"అంటించొద్దు. ఆ పొగ పీలిస్తే గొంతు లోపల కూడా ఇలాగే పొక్కుతుంది. అక్కకి అసలే పొగ పడదు. ఎవరిచేతైనా తొడుగులేయించి సంచుల్లో కట్టించండి. నిన్నటి బట్టలు విడిగా ఉతికించాలి. ఉతికేదాకా అక్కని ముట్టుకోనివ్వకండి."

"అలాగేనమ్మా."

అక్క, అక్క అని ఆయనతో ఇంటి మనిషితో చెప్పినట్టే చెప్పానని ఆమెకు అప్పుడు తోచింది. చల్లటి తడిగుడ్డలు పరిచి, ఆరాక గులాబిరంగు మందు పూసింది. మొహం ఉబ్బిందని డాక్టరు మాత్రలు రాశాడు.

"దురద పెట్టినా గీరకండి. ఎల్లుండి మళ్లీ రండి. అక్కని తోడు తెచ్చుకోండి, ఈ చేతులతో బస్సులో కమ్మీ పట్టుకోలేరు."

ఆయన గుమ్మం దగ్గర ఆగాడు. "ఇవాళ తనని కాసేపు ఆగమని చెప్పనా?"

"చెప్పండి. పెందలాడే వచ్చేస్తాను."

చేతులు తుడుచుకుంటుండగానే కాలువ గట్టు ముఠా మిగతావాళ్లంతా లారీ దిగారు. మెడలు, మోకాళ్లు, ఒకామెకు కనురెప్పలు. ఒకరిని కడిగి పంపితే ఇంకొకరు. కిటికీలో ఎండ పసుపెక్కి, ఎర్రబడి, పోయింది. "కొంచెం తొందరగా కానివ్వండి," అని ఆమె ఎన్నడూ అనని మాట అంది. అన్నదేగానీ, ఎవరి గోళ్లూ వదల్లేదు.

ఇంటికి దాదాపు పరుగెత్తింది. తలుపుకు తాళం. పక్కింటి పిన్నిగారు తాళంచెవి పట్టుకొచ్చింది.

"చాలాసేపు చూసిందమ్మా. బండివాడు హారన్ మీద హారన్ కొట్టినా కదల్లేదు. చీకటి పడుతుంటే ఇక తప్పక లేచింది. ఎల్లుండి ఆసుపత్రికి వస్తానని చెప్పమంది."

ఆమె తల ఊపి లోపలికి వెళ్లి దీపం వేసింది. అక్క మంచం మీద పరుపు చుట్టి ఉంది. కిటికీ పక్క కుర్చీలో, తను ఆసుపత్రికి వేసుకెళ్లే రెండో తెల్లకోటు. చంక కింద చిరుగు సగం దాకా సన్నటి కుట్లతో మూసుకుంది. కుట్టు ఆగిన చోట సూది గుచ్చి ఉంది, దాని నుంచి తెల్ల దారం కిందికి వేలాడుతోంది.