లైటు కూడా ఇవ్వండి

"ఇందులో జూమ్ చూడండమ్మా! వీధి చివరి బోర్డు మీద అక్షరాలు కూడా చదవచ్చు," అన్నాడు కెమెరా షాపతను.

"నీళ్లలో జానెడు దూరం కనిపిస్తే గొప్ప. జూమ్ ఏం చేసుకోను, నెత్తిన పెట్టుకోనా?"

బాబాయి ఆమె మోచెయ్యి పట్టుకుని ఆపాడు. "మెల్లగా మాట్లాడవే చేపపిల్లా. ఆయనేం చేశాడు పాపం!"

ఆమె కోపం షాపతని మీద కాదు. నీళ్లలోకి దించిన పెద్ద పెద్ద వలల్లో చేపలు పెంచే కంపెనీలో బాబాయీ ఆమే మునిగి పనిచేస్తారు. వలకు పట్టిన నాచు గీకడం, చిరుగులు కుట్టడం వాళ్ల పని. ఆమెకు మునగడం నేర్పింది బాబాయే. మొన్న ఒక వలకు పెద్ద రంధ్రం పడి, ఉన్న చేపలన్నీ వెళ్లిపోయాయి. బాబాయే కత్తితో కోసి బయటివాళ్లు పట్టుకునేలా చేపలు వదిలాడని సూపర్‌వైజర్ తేల్చేశాడు. లంగరు గొలుసు ఒరుసుకుని తెగి ఉంటుందని ఆమె ఎంత మొత్తుకున్నా వినలేదు. "రుజువుంటే పట్టుకురా. రేపు ఆ వల లాగి పారేస్తున్నాం," అన్నాడు. లాగేటప్పుడు వల ఇంకా చిరుగుతుంది. ఏ చిరుగు ఏదో ఇక ఎవరికి తెలుస్తుంది? కంపెనీ కెమెరా ఒకటుంది గానీ, అది తెర మీద వేలితో నడిపేది. నీళ్లలో దానికి వేలూ తెలియదు, కాలూ తెలియదు.

"మందపాటి చేతితొడుగుతో నొక్కగలిగే మీటలుండాలి. ముక్కు దగ్గర పెట్టినా స్పష్టంగా తీయాలి," అంది.

"ఇది వాటర్‌ప్రూఫేనమ్మా."

"వానకా, మునగడానికా? ఎంత లోతు దాకానో అట్ట మీద రాసుంటుంది, చదవండి."

చదివి, అతను దాన్ని తిరిగి అలమరలో పెట్టేశాడు. చివరికి గట్టి డబ్బాలో ఇమిడే చిన్న కెమెరా ఒకటి తీశాడు. ఆమె డబ్బా అంచున ఉన్న రబ్బరు చుట్టంతా వేలితో తడిమింది. వెంట్రుకంత నలుసున్నా నీళ్లు లోపలికొస్తాయి.

"ఇదివ్వండి. లైటు కూడా ఇవ్వండి. కెమెరాకు అంటుకుని ఉండేది కాదు, పక్కకు జరిపి పట్టుకునేది. ఎదురుగా కొడితే నీళ్లలో నలుసులే మెరుస్తాయి."

"పగటిపూట లైటెందుకే?" బాబాయి అడ్డుపడ్డాడు. "మసగ్గా వచ్చినా చాల్లే."

"మసగ్గా చూపిస్తే ఆ సూపర్‌వైజర్ ఊరుకుంటాడా? లోతుకెళ్తే ఎరుపు కూడా నల్లగా కనిపిస్తుందని నాకు చెప్పింది ఎవరు?"

బాబాయి నేల చూపులు చూశాడు. అంత నింద మోస్తూ ఈ మనిషి ఇలా నీళ్లు నములుతాడేమిటని ఆమెకు ఒళ్లు మండింది.

ఆ రోజే వెలుగుండగానే తోటి పనివాణ్ణి జోడీగా తీసుకుని దిగింది. రంధ్రం దగ్గర గొలుసు జాడ లేదు. దారాలకు పీచు లేవలేదు, అంచులు నున్నగా ఉన్నాయి. కత్తి కోతే. అప్పుడు జోడీ లైటు వేశాడు. వల కన్నుల్లో నల్లగా వేలాడుతున్న పీలిక ఒక్కసారిగా ఎర్రబడింది. బాబాయి ఈతకు తొడిగే కాలిరెక్కను మడమకు బిగించే పట్టీ! మెలితిరిగి, సగానికి తెగి ఉంది. చుట్టుపక్కల దారాలన్నీ ఎవరో ప్రాణం పోతుంటే లాగినట్టుగా సాగిపోయి ఉన్నాయి.

ఒడ్డున బల్ల మీద కూర్చున్న బాబాయి ముందు కెమెరా పెట్టింది.

"నువ్వే కోశావు."

"కాలు చిక్కుకుంది. లాగేకొద్దీ బిగుసుకుంది. సిలిండర్లో గాలి అయిపోవచ్చింది. ఏం చెయ్యమంటావు?"

"ఆ ముక్క చెప్పడానికి నోరు లేదా?"

"చిక్కుకున్నానంటే ముసలాడైపోయాడని మళ్లీ నీళ్లలోకి దించరే."

"దొంగనిపించుకోవడం నయమా? నీకోసం నేను అందరితో పోట్లాడుతుంటే నోరు మూసుకుని చూశావు! జోడీ లేకుండా ఎందుకు దిగావు?"

"నా జోడీవి నువ్వేగా. నిన్ను మేత బస్తాలు దించమని పంపేసి, సూపర్‌వైజర్ నా నడుముకు తాడు కట్టి ఒక్కడినే దిగమన్నాడు." కెమెరాను ఆమె వైపు జరిపాడు. "ఆ ఎర్ర ముక్క కనపడకుండా చెయ్యలేవా?"

"చేస్తే నువ్వు దొంగవే. లే, పద."

ఆఫీసులో వీడియో చూసి సూపర్‌వైజర్ బల్ల చరిచాడు. "నేను చెప్పలా? కత్తి కోతే!"

"కోతే. కోసింది మా బాబాయే. ఇంకాస్త చూడండి."

తెర మీద ఎరుపు వచ్చింది. తలుపు దగ్గర మూగిన పనివాళ్లు మెడలు సాచారు. సూపర్‌వైజర్ చటుక్కున చెయ్యి చాపాడు. "కెమెరా ఇటివ్వు. నేను చూసుకుంటాను."

"మీ చేతికా? ఓనరుగారికే ఇస్తా. జోడీ లేకుండా దిగకూడదని ఈ గోడ మీద రాయించింది ఆయనే కదా. మొన్న మా బాబాయితో ఎవరు దిగారు?"

"ఏయ్, గొంతు తగ్గించు!"

"తగ్గించదు," అన్నాడు వెనకనుంచి బాబాయి. ఆ గొంతు అంత పెద్దదని అక్కడెవరికీ తెలియదు. "నా నడుముకు కట్టిన తాడు రెండో కొస పడవలో నీ చేతిలోనే ఉంది. కింద చిక్కుకుని సైగగా ఆ తాడు లాగుతూనే ఉన్నాను. ఎందుకు పైకి లాగలేదో ముందు అది చెప్పు."