సగం తెల్లబడ్డ మీసం

మా ఆయన కాజిమిర్‌కి దేవుడు బుర్ర కాస్త తక్కువ ఇచ్చినా మీసం మాత్రం ధారాళంగా ఇచ్చాడు. డెబ్బై దాటినా నల్లగా నిగనిగలాడేది. అమెరికాలో, బఫలో ఊళ్ళో మా పోలిష్ పేటలో అకార్డియన్ వాయించేవాళ్ళకు కొదవలేదు. కానీ ఆ మీసం చూడటానికే ఈయన వాయించే చోటికి వచ్చే ఆడవాళ్ళు ఉన్నారు. నాకు తెలియదనుకుంటాడు.

ఆ మనిషికి వీపు మీద పుట్టుమచ్చ కాస్తా చర్మ కేన్సరైంది. ఊపిరితిత్తుల్లోకీ పాకింది. మొదట ఇచ్చిన ఇమ్యూనోథెరపీ పనిచేయలేదు. ఇక దారి లేదనుకుంటుంటే, డాక్టర్ ఫెన్విక్ ఒక కొత్త మందు ప్రయోగంలో చేర్చుకుంది.

"మీ ఒంట్లో రోగంతో పోరాడే కణాలు బాగానే ఉన్నాయి. కానీ వాటిని 'ఇక చాల్లే, ఆగండి' అని అదుపులో పెట్టే కణాలూ ఉంటాయి. కేన్సర్ గడ్డ వాటిని చుట్టూ పోగేసుకుని హాయిగా కూర్చుంది. మేం వాటిని తప్పిస్తాం," అంది.

"అంటే మా బ్రోనియాలాంటి కణాలన్నమాట," అన్నాడీయన. మోచేత్తో ఒక్క పోటు పొడిచాను.

అదుపు చేసేవి లేకపోతే పోరాడేవి ఒంట్లో మంచి చోట్ల మీద కూడా పడొచ్చట. అందుకని ఏ చిన్న మార్పొచ్చినా చెప్పమంది. ఈయన పక్క కుర్చీలో మందు ఎక్కించుకునే స్టాన్‌కి పేగులు పుండ్లుపడితే ప్రయోగం నుంచి తప్పించారు. ఆ రోజు ఈయన స్టాన్ ఖాళీ కుర్చీ వైపే చూస్తూ మందు ఎక్కించుకున్నాడు.

ఈస్టర్ వచ్చింది. మర్నాడు మావాళ్ళ నీళ్ళ పండగ, డింగస్ డే. ఆ రోజు ఎవరు ఎవరి మీద నీళ్ళు కొట్టినా కోపం తెచ్చుకోకూడదు. ఈయన ఎర్రకోటు తొడుక్కుని వీధిలో పోల్కా పాటలు వాయిస్తున్నాడు. ఏళ్ళ కసి తీర్చుకుందామని బొమ్మ తుపాకీ నిండా నీళ్ళు పోసుకెళ్ళి మొహం మీద కొట్టాను. మీసం నుంచి నల్లటి ధార కారి తెల్ల చొక్కా పాడైంది.

"ఓరి నీ దుంప తెగ! అది నా మస్కారా కదూ? అది పోయిందని పాపం మా చెల్లెల్ని అనుమానించానయ్యా!"

స్కార్ఫుతో తుడిచాను. కుడివైపు మీసం పాలలా తెల్లగా ఉంది. ఈయన అకార్డియన్ దించి మెట్టు మీద కూలబడ్డాడు.

"ఎవరికీ చెప్పకే. స్టాన్‌ని తీసేసినట్టు నన్నూ తీసేస్తారు. నాకింకో మందు లేదు."

నాకు ఏడుపూ వచ్చింది, అంతకంటే ఎక్కువ కోపమొచ్చింది.

"మీసమైతే రంగేశావు. రేపు లోపల లివర్ పాడైతే ఏం పూస్తావు? పొద్దున్నే ఆసుపత్రికి పద!"

"రాను పోవే."

"రాకపోతే ఈ అకార్డియన్ పెట్టె నయాగరాలో పడేస్తాను."

వచ్చాడు.

డాక్టర్ ఫెన్విక్ ఈయన గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పింది. తలుపు తెరిచి నర్సుని కేకేసింది, "టమీకా, త్వరగా రా, ఈ మీసం చూడు!" ఈయన కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"నన్ను తీసేస్తారా, డాక్టరమ్మా?"

"తీసేయడమా! మీ కేన్సర్ పుట్టింది చర్మానికి రంగునిచ్చే కణాల్లో. మీ పోరాటగాళ్ళు ఇప్పుడు రంగు పుట్టించే కణం ఎక్కడ కనబడినా మీద పడుతున్నట్టున్నారు. పాపం, మీసం దొరికిపోయింది. ఇది మంచి సూచన. కానీ మాటివ్వలేను, స్కాన్ చూడాలి. ఇంకోసారి ఏదైనా దాచారో, ఆ మీసం నేనే గొరిగేస్తాను!"

స్కాన్ తీశారు. ఊపిరితిత్తుల్లో గడ్డలు సగానికి పైగా కుంచించుకుపోయాయి. ఒకటైతే అసలు కనబడనే లేదు. డాక్టరమ్మ ఎక్కడో వేలు పెట్టి చూపిస్తోంది గానీ కళ్ళ నిండా నీళ్ళతో నాకేం కనబడి చచ్చింది! ఈయన మొహం దగ్గరికి లాక్కుని తెల్లమీసం వైపే ముద్దు పెట్టాను.

"నల్లవైపు అలుగుతుందే," అన్నాడు.

ఇప్పుడు అలాగే, సగం నలుపూ సగం తెలుపూ వేసుకుని వాయించడానికి వెళుతున్నాడు. ఆడవాళ్ళు నవ్వుతున్నారు, నవ్వనీ. రోజూ పొద్దున్నే నేను ఆయన గడ్డం పట్టుకుని కిటికీ వెలుగులోకి తిప్పి ఎడమవైపు నల్లమీసంలో వెతుకుతాను. ఇవాళ ముక్కు కింద ఒకటి కనబడింది.

"వచ్చిందయ్యా! తెల్లది!" అని అరిచాను.

కాఫీ అలాగే వదిలేసి అకార్డియన్ అందుకున్నాడు.