సున్నం లేని ఆకు

పెనుకొండలో సున్నం అమ్మే లాల్‌సాబ్ ఇంటికి షంషాద్‌బీ అతని పెండ్లాంగా వచ్చి, పంతొమ్మిది వందల ఎనభై ఆరుకు పదకొండేళ్లు. సున్నపురాళ్ల మీద నీళ్లు పోసి, పొగలు కక్కుతుంటే కలిపి కలిపి ఆమె వేళ్ల తోలు ఎన్నిసార్లు ఊడి వచ్చిందో లెక్కలేదు. అలసట తెలియకుండా సున్నం రాసి తానొక ఆకు వేసుకునేది, మొగుడికొకటి మడిచి ఇచ్చేది. కడుపు మాత్రం పండలేదు. ముప్పై దాటకుండానే నెలసరి నిలిచిపోయింది. అత్త రోషన్‌బీ కొడుక్కి మళ్లీ పెండ్లి చేయాలని ధర్మవరం పోయి పిల్లను చూసి వచ్చింది.

"డాక్టరమ్మ ఏమంటాదో విని చెప్తాలే" అని తల్లితో అన్నాడు లాల్‌సాబ్. ఆ ఒక్క మాట పట్టుకుని షంషాద్‌బీ అతని వెంట హిందూపురం బస్సెక్కింది.

డాక్టరమ్మ మంచిది, ఓపికగా చెప్పింది. ఆడపిల్ల పుట్టేటప్పుడే లోపల అండాలు లక్షల్లో ఉంటాయట. ఎవరూ ఏమీ చేయకపోయినా చాలావరకు వాటంతట అవే చచ్చిపోతాయట. కొందరికి తొందరగా అయిపోతాయట.

"ఎట్ల చస్తాయమ్మా?" అని అడిగింది షంషాద్‌బీ. తన లోపలి చావు కదా, తెలుసుకోవద్దూ.

"కణంలో కాల్షియం పెరిగితే అదే చావుకు సైగ అంటున్నారు, ఇంకా పరిశోధన చేస్తున్నారు. కాల్షియమంటే సున్నంలో ఉండేదే." ఇద్దరి మొహాలూ చూసి ఆమె వెంటనే అంది: "మీరు తినే సున్నానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు. ఈమె తప్పేమీ లేదు. ఇంట్లో చెప్పండి."

"చెప్తానమ్మా" అని తలూపాడు లాల్‌సాబ్.

గడప దగ్గరే అడిగింది రోషన్‌బీ. "ఏమన్నాదిరా?"

"గుడ్లన్నీ చచ్చిపోయినాయంట. సున్నమే చంపుతాదంట" అని, చెప్పులు విడవడానికి వంగాడు.

షంషాద్‌బీ ఎదురుచూసింది. అతను రెండు చెప్పులూ విడిచి, గోడకు ఆనించి, చెంబెడు నీళ్లు తాగాడు. డాక్టరమ్మ మాటలో మిగతా సగం అతని నోట రాలేదు.

"అత్తా, ఇంకా ఉండాది. నేను తినే సున్నం కాదంట..."

"పొద్దస్తమానం ఆకు నమిలి కడుపు కాల్చుకుని, ఇప్పుడు కతలు చెప్తాండావా? నా కొడుకు అమ్మిన దానికంటే నువ్వు తినిందే ఎక్కువ కదే."

"నువ్వు చెప్పు" అని మొగుడి వైపు తిరిగింది షంషాద్‌బీ.

"నాకంత ఇంగ్లీషు యాడొస్తాది" అన్నాడతను. డాక్టరమ్మ మాట్లాడింది తెలుగే.

నిఖా రోజు పొద్దున, ధర్మవరానికి వ్యాను బయలుదేరే ముందు, పెండ్లికొడుకు అలవాటు కొద్దీ ఆమె ముందు చేయి చాచాడు. ఆమె ఆకు మడిచి ఇచ్చింది. రెండుసార్లు నమిలి, "సున్నం యాడ?" అన్నాడు.

"వద్దులే. చంపుతాదని నువ్వే చెప్తివి కదా. నీకు బిడ్డలు కావల్ల."

పక్కనే కొత్త చీరలో ఉన్న రోషన్‌బీ, "ఇన్నాళ్లకు ఒక మంచి మాట చెప్పింది. అట్లే నములురా" అంది.

లాల్‌సాబ్ షంషాద్‌బీ వైపు చూశాడు. దాచిన సగం మాట అమ్మ ముందు చెప్పడానికి నోరు రాలేదు. ఎర్రబడని ఆకును నమిలి నమిలి మింగి, వ్యాను ఎక్కాడు.