తువ్వాలుకు అవతలి చర్మం

నేను ఒక రబ్బరు సంచిని. వేడినీళ్లు మోయడానికి పుట్టాను. అచ్చులో ఒత్తి, మెడకు మూత బిగించి నన్ను లోకంలోకి వదిలారు. మందుల దుకాణంలో కొన్నాళ్లు అట్టపెట్టెలో ముడుచుకుని, చివరికి అనకాపల్లిలో ఒక చిన్న ఆసుపత్రికి చేరాను. అక్కడ పనికి కొదవ లేదు. రోగి ఒంటిని నేరుగా తాకే భాగ్యమే లేదు. మా మధ్య ఎప్పుడూ ఒక తువ్వాలు. వేడి నాది, "ఎంత హాయిగా ఉందో" అంటూ వాళ్లు నిమిరేది దాన్ని.

సిస్టర్ సలోమి పద్ధతి తప్పదు. మరిగిన నీళ్లు పోయదు, చల్లార్చి పోస్తుంది. గాలి పిండి, మూత బిగించి, తలకిందులు చేసి చూస్తుంది. తువ్వాలు చుట్టి, ముందు తన ముంజేతికి ఆనించుకుని, ఆ తరువాతే, నడుము నొప్పితో చేరిన లారీ డ్రైవరు గవరయ్య నడుము కింద పెడుతుంది. ఆ ముంజేయి కూడా తువ్వాలుకే దక్కేది.

ఒక మధ్యాహ్నం సలోమి పక్క మంచానికి వెళ్లగానే, గవరయ్య భార్య నూకాలు ఆయన పాదాలు పట్టి చూసింది.

"ఇవేటి, మంచుగడ్డల్లాగున్నాయి!" అంటూ నన్ను లాగింది. "మధ్యన ఈ గుడ్డొకటి!" అని తువ్వాలు ఊడదీసి పడేసింది.

నేల మీద దాన్ని చూసి నేను పొందిన ఆనందం పైకి చెప్పుకునేది కాదు. పాదం మీద వాలాను. మొదటిసారి, మనిషి చర్మం.

"ఎలాగుంది?"

"ఇంజను ఇంకా వేడెక్కనేదే," అని గవరయ్య నవ్వాడు.

"అయితే ఉండనీ."

ఒక్క ఉలికిపాటు కోసం, ఒక్క "అబ్బా" కోసం ఎదురుచూశాను. నా కింద చర్మం ఎర్రబారుతోంది; ఆయన కబుర్లాడుతూనే ఉన్నాడు. నేను ఆయనకు తెలియడం లేదు. అరవాలనుకున్నాను. నాకు నోరుంది, కానీ అది బిగించి ఉంది.

నేల మీది తువ్వాలు చూసి సలోమి పరుగున వచ్చి నన్ను తీసేసింది. పాదాన్ని చల్లని నీళ్లలో ఉంచింది.

"షుగరు వల్ల ఈ పాదాలకి స్పర్శ లేదని చెప్పాను కదమ్మా! కాలినా ఈయనకి తెలీదు."

"నానే కాల్చీసినానా సిస్టరమ్మా?"

"ఊరుకోయే, నాకేటీ నొప్పి నేదు కదా," అని గవరయ్య ఓదార్చాడు. ఆ మాటకే ఆమె మరింత ఏడ్చింది.

బొబ్బ లేవలేదు. పాదం దక్కింది.

నన్ను ఖాళీ చేసి మేకుకు వేలాడదీశారు. నేను కోరుకున్న స్పర్శ నాకు అందింది, అవతలి మనిషికి అందలేదు. దాన్ని స్పర్శ అనవచ్చునా అని ఆలోచిస్తుంటాను. తువ్వాలు మీద అసూయ ఇంకా చావలేదు. అయినా అది లేకుండా ఎవరైనా నన్ను రోగి దగ్గరకు తీసుకువెళ్లబోతే, నాలో నీళ్లకంటే ముందు భయం నిండుతుంది.